పరదా మీది చిలుకలు

చిలుకలు మాత్రం తేటగా వచ్చాయి.

దండెం మీద ఆరుతున్న ఫోటోలో రెండు చిలుకలూ, అవి కొరుకుతున్న జామకాయా, ఆ వెనుక పరదా గుడ్డ పోగులూ కూడా లెక్కపెట్టుకునేటట్టున్నాయి. వాటి ముందు కుర్చీలో కూర్చున్న రుక్మాబాయి దొరసాని మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో మొహంలా ఉంది. కళ్ళున్న చోట రెండు మసకలు, నోరున్న చోట ఒక మసక.

"అబ్బ, మీ మామ చేతి చిలుకలు ఎంత ముద్దుగ వడ్డయే!" అంది బుచ్చవ్వ కోడలితో.

"చిలుకల ఫోటువ తియ్యమని వచ్చిండ్రా అత్తా వాళ్లు?" అంది సత్తమ్మ.

ఆ మాట బుచ్చవ్వకు గుచ్చుకుంది. ఆ పరదా ఆమె పెనిమిటి వేసింది. నాటకాల వాళ్లకు కోటలూ తోటలూ వేసి వేసి, చివరికి కొడుకు ఫోటో దుకాణానికి ఈ చిలుకల తోట వేసిచ్చి పోయాడు.

"అంటే నీ మొగన్ని అను. నా మొగన్ని అంటవేందే?"

సత్తమ్మ మొగుడు, అంటే ఫోటోల సాంబయ్య, గడప మీద కూర్చుని ధోవతి కొంగుతో లెన్సు తుడుస్తున్నాడు. పొద్దున లేచిన దగ్గర నుంచి అదే పని. తుడిచిందే తుడిస్తే గాజు అరుగుతుంది గానీ ఫోటో మారుతుందా!

"లెన్సుకు చెమ్మ వట్టింది," అన్నాడు ఎవరూ అడగకుండానే.

"నిన్న ప్లేట్లు పాతయన్నవ్," అంది సత్తమ్మ.

"ప్లేట్లు పాతయే. చెమ్మ గూడ వట్టింది."

"మరి చెమ్మ చిలుకలకెందుకు వట్టలేదయ్యా?"

సాంబయ్య లెన్సు మీద ఊపిరి ఊదాడు. ఇంకొంచెం గట్టిగా తుడిచాడు.

పోయిన శుక్రవారం బట్టలు ఉతకబోతే దుకాణంలో ఉండాల్సిన ముడుల పురికొస అతని అంగీ జేబులో దాచినట్టు దొరికింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. ఒకరు అడుగుతారు, ఒకరు తుడుస్తారు. ఆ పురికొస ఒక కొసను కెమెరాకు కట్టి, రెండో కొసను కూర్చున్న మనిషి ముక్కు దాకా లాగేవాడు. ఉత్త మొహమే తీయాలంటే మొదటి ముడి, నడుము దాకా అయితే రెండోది, నిలువెత్తు మనిషైతే చివరిది. ఏ ముడికి కెమెరా తోలు తిత్తిని ఎంత లాగాలో చట్రం మీద మేకుతో గీతలు గీసుకున్నాడు. ఎవరైనా అడిగితే హైదరాబాద్ పద్ధతి అనేవాడు. హైదరాబాద్ పేరు చెబితే హుజూరాబాద్‌లో ఇక ప్రశ్నలుండవు. సత్తమ్మ కూడా నమ్మింది.

ఇప్పుడు నమ్మడం లేదు.

"ఒక్కటే మాట అడుగుత. నల్లగుడ్డల తలకాయ వెట్టి, అద్దంల సూసి ఫోకస్ కుదిరిచ్చేటోనివి. కండ్లుండంగ నీకు కొలుసుడెందుకయ్యా?"

కండ్లు అనే మాట ఆ ఇంట్లో బయటికి రావడం అదే మొదటిసారి. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న బుచ్చవ్వ చెయ్యి ఆగింది.

"నా కండ్లకేమైందే?" సాంబయ్య లేచి నిలబడ్డాడు. "దొరలకు తీసిన, పోలీసు పటేండ్లకు తీసిన, కాంగ్రెసోల్లకు తీసిన. పెండ్లిళ్లకు జమ్మికుంట కెల్లి నన్ను ఎతుక్కుంట వస్తరు. ఒక్క ఫోటువ చెడితే కండ్ల మీదికి వస్తవా?"

"ఒక్కటేనా?"

"ఒక్కటే!"

గొంతు పెద్దగానే లేచింది గానీ చూపు ఆమె మీద కాక ఆమె పక్కన ఉన్న గోడ మీద పడింది. ఆ గోడ మీద సత్తమ్మ ఫోటో ఉంది. నిరుడు కాక మొన్నటి ఏడు బతుకమ్మ పండుగకు తీసిన ఫోటో. జరీ చీర కట్టుకుని, తలలో బంతిపూలు పెట్టుకుని కూర్చుంటే తీశాడు. అందులో ఆమె చెంపలు పొగమంచులో నుంచి వస్తున్నట్టు మెత్తగా ఉంటాయి. "ఇది మెత్తగ తీసుడు. అందరికి తీయరాదు," అని చట్రం కట్టించి దుకాణం ముందు గదిలో వేలాడదీశాడు. చూసినవాళ్ళందరికీ చెప్పాడు. సత్తమ్మ కూడా ఎవరూ లేనప్పుడు దాని ముందు నిలబడి చూసుకునేది. అందులో తప్పేముంది, ఏ ఆడదానికైనా ఉంటుంది ఆ మాత్రం మురిపెం.

"సరే," అంది సత్తమ్మ గొంతు తగ్గించి. "గడిల దొరసానికి ఏమని జెప్తం? ఇయ్యాలో రేపో ఫోటువ కోసం మనిషి వస్తడు."

"వచ్చి పోయిండు. పొద్దుగాల హనుమండ్లు వచ్చిండు."

"ఏమని పంపినవ్?"

సాంబయ్య లెన్సును వెలుతురుకు పట్టుకుని చూశాడు. "ఫోటువ కుదరలే, అమ్మగారు కదిలిండ్రు అన్న."

బుచ్చవ్వ చేట కింద పెట్టేసింది.

"ఆమె కదిలిందా?" సత్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. "నేను తెల్లదుప్పటి పట్టుకొని పక్కనే ఉన్న. ముసలామె చెంప మీద ఈగ వాలింది. రెప్ప గూడ కొట్టలే. ఆమె కదిలిందని ఏ నోటితోని అన్నవయ్యా? కదిలింది కుర్చీ!"

అది నిజం. ఆదివారం నాడు సాంబయ్య పురికొస పట్టుకుని దగ్గరికి పోతే రుక్మాబాయి చెయ్యి అడ్డం పెట్టింది. బతికున్న మనిషిని తాడుతో కొలుస్తారా, పాడె కట్టేటప్పుడు కొలుస్తారు గానీ, అంది. ఆ మాటకు ఎవరు మాత్రం ఎదురు చెబుతారు! ఆమె లేచి నీళ్ళు తాగి వచ్చేలోగా సాంబయ్య దొంగచాటుగా ఖాళీ కుర్చీకి కొలుచుకున్నాడు. తీరా ఆమె వచ్చి కూర్చున్నాక కొడుకు జలపతిరావు, వెనుక పరదా దుమ్ముకు అమ్మకు ఊపిరాడదని కుర్చీని మూరెడు ముందుకు జరిపించాడు. ఫోకస్ మాత్రం పాత చోటనే, చిలుకల దగ్గరే ఉండిపోయింది.

ఎండ ఉంటే ఏదో గట్టెక్కేవాడు. కెమెరా కన్ను సన్నగా చేస్తే ముందున్నదీ వెనుకున్నదీ అన్నీ తేటగా వస్తాయి, కాకపోతే వెలుతురు దండిగా కావాలి. మబ్బులో ఆ కన్ను పెద్దగా తెరవక తప్పదు. తెరిస్తే జానెడు మేర మాత్రమే తేటగా వచ్చి మిగిలినదంతా అలుక్కుపోతుంది. శ్రావణమాసం మబ్బు ఆదివారం నాడు సరిగ్గా ఆ పూటే కమ్మింది.

"కుర్చీ జరిపింది దొర," అన్నాడు సాంబయ్య. "దొరా, నువ్వు కుర్చీ జరిపినవ్, గందుకే చెడింది అనాలెనా? అని ఈ ఊర్ల ఉండాలెనా?"

"దొర మీద పెట్టలేక ముసలామె మీద పెట్టినవ్."

"ముసలోల్లు కదుల్తరు. ఎవలేమనుకోరు."

"కొడుకు అన్నదాంట్ల తప్పేమున్నదే?" అని బుచ్చవ్వ అందుకుంది. "మొగడు ఒక మాటన్నంక పెండ్లాం దాన్ని కప్పాలె. నువ్వు తొవ్వుతున్నవ్."

ఆ ఇంట్లో అరుపుల కంటే మౌనమే ఎక్కువ సేపు ఉంటుంది. అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ ఏ పనీ ముందుకు సాగదు. బుచ్చవ్వ ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

ఆ మౌనంలోనే సందు మొదట్లో ఎద్దుల గంటలు వినిపించాయి. సందులోకి వచ్చే బండ్లకు గంటలు ఉండవు. సత్తమ్మ తొంగి చూసి చప్పున వెనక్కి తగ్గింది.

"గడి కచ్చురం బండి," అంది.

"హనుమండ్లేనా?"

"దొర ఉన్నడు. దొరసాని గూడ ఉన్నది."

సాంబయ్య చేతిలో లెన్సు జారబోయి ఆగింది.

*

రుక్మాబాయి కొడుకు చెయ్యి పట్టుకోకుండానే కచ్చురం దిగింది. తెల్లచీర, మెడలో తులసి పూసలు, ముక్కు మీద కండ్లద్దాలు. నడుము కొద్దిగా వంగింది గానీ గొంతు వంగలేదు.

"ఏందిరా సాంబయ్యా, నేను కదిలిన్నటా?"

"అట్ల గాదు దొరసానమ్మా..."

"ఎట్ల గాదు? కదిలిన్నని పంపినవా లేదా?"

జలపతిరావు చేతి గడియారం చూసుకున్నాడు. జాగీరులు పోయి పుష్కరం దాటింది, గడిలో సగం గదులకు తాళాలు పడ్డాయి. అయినా ఆయన వస్తే సందులో అరుగుల మీద వాళ్ళు ఇంకా లేచే నిలబడతారు, ఆయన కూడా అది చూడనట్టే చూస్తాడు.

"నేను జెప్పిన అమ్మకు, పోనీయమని," అన్నాడు. "కరీంనగర్ పోతే పోయె, హైదరాబాద్ పోతే పోయె. ఆమె ఇననే ఇనది."

"ఎందుకింట? నా మీద మాట వడ్డది." రుక్మాబాయి బల్ల మీద కూర్చుంది. "ఫోటువ ఏదిరా? చూపియ్యి."

సాంబయ్య కదలలేదు. బుచ్చవ్వ కొంగు సర్దుకుంది. చివరికి సత్తమ్మే దండెం మీది ఫోటో తీసి ఇచ్చింది. రుక్మాబాయి దాన్ని దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నా మొఖమేదిరా?"

సాంబయ్య తల దించుకున్నాడు.

"మా ముసలాయన పోయి ఎన్నేండ్లాయెనో," అంది ఆమె ఫోటో మీద నుంచి కళ్ళు తీయకుండా. "ఒక్క ఫోటువ లేదు. తాత ఎట్లుండె అని మనుమలు అడుగుతరు. పొడుగుండె, మీసాలుండె అంట. గంతకన్న నాకే యాదికొస్తలేదు. ఒక్కటే మంచంల పండుకున్న మనిషి మొఖం నాకే యాదికొస్తలేదురా! నేను గట్ల పోవద్దని కూసున్న ఆనాడు. గసొంటిదాన్ని కదుల్తనా?"



సాంబయ్యకు ఇక వెనక్కి పోయే దారి లేదు. ఒక అబద్ధానికి కాపలా ఇంకొక అబద్ధం కావాలి.

"జర మెడ... కొద్దిగ," అన్నాడు. "మా ఇంటామె గూడ సూసింది. దుప్పటి వట్టుకొని పక్కనే ఉండె. ఏమే సత్తమ్మా, చెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఈగ సంగతి నోటి చివర ఉంది. అది చెబితే మొగుడు సందులో తల ఎత్తుకోలేడు. చెప్పకపోతే ఈ ముసలామె, మొహమే లేకుండా పోతాననే భయంతో ఊపిరి బిగబట్టి కూర్చున్న ముసలామె, అబద్ధాలకోరు అవుతుంది.

"నేను దుప్పటి దిక్కు సూసిన," అంది సత్తమ్మ. "మొఖం దిక్కు సూడలే."

అన్న వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. రుక్మాబాయి ఆమెను కొంచెం సేపు చూసి తల ఊపింది.

"మంచిది. ఎవలు సూడలేదన్నట్టు. ఇప్పుడు అందరు సూడుండ్రి. మళ్ల కూసుంట, ఆనాడు ఉన్న కాడ్నే కుర్చీ ఎయ్యి. ఈసారి కదుల్తనో లేదో తేలుతది."

"ఇప్పుడా?" అన్నాడు సాంబయ్య. "మబ్బున్నది గదా అమ్మా. ఎండ కొట్టిన దినం..."

"నాకు ఎండ కొట్టేదాంక టైం ఉన్నదని ఎవలు జెప్పిండ్రురా నీకు?"

*

దుకాణం లోపలి గదికి ఎడమ గోడ నిండా పెద్ద కిటికీ. దానికి పల్చటి తెల్లగుడ్డ కట్టి ఉంటుంది. వెలుతురు ఆ గుడ్డలో వడగట్టుకుని వచ్చి మనిషి ఒక చెంప మీద పడుతుంది. రెండో చెంప నల్లబడకుండా అటు పక్క తెల్లదుప్పటి పట్టుకోవాలి. దుప్పటి దగ్గరికి తెస్తే చీకటి చెంప తేరుకుంటుంది, దూరం చేస్తే మునుగుతుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ దుప్పటి పట్టేది సత్తమ్మే.

కుర్చీ పరదాకు మూరెడు దూరంలో పడింది. రుక్మాబాయి కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంది.

సాంబయ్య లెన్సు బిగించి, నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనుక దూరాడు. తిత్తి ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు పోయింది.

సత్తమ్మ దుప్పటి పట్టుకుని అతని చేతిని చూస్తోంది. తిత్తిని జరిపే మరను తిప్పే ఆ వేళ్ళు ఎప్పుడూ ఒక చోట ఆగేవి. ఆగి, చిటికెడంత వెనక్కి వచ్చి కుదిరేవి. ఇవాళ అవి ఎక్కడా ఆగడం లేదు. జేబులో పురికొస ఉంది, దాన్ని బయటికి తీసే ధైర్యం లేదు.

"ఇంకెంతసేపు సాంబయ్యా?" అన్నాడు జలపతిరావు.

తిత్తి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అత్తా, ఇది జర పట్టుకో." సత్తమ్మ దుప్పటి బుచ్చవ్వ చేతుల్లో పెట్టి, "లోపట అద్దం మీద దుమ్మున్నట్టున్నది, తుడుస్త," అని పైకి అని, నల్లగుడ్డ ఎత్తి తనూ లోపలికి దూరింది.

లోపల చీకటి, వాన చెమ్మ వాసన, మొగుడి ఊపిరి. ఎదురుగా గరుకుటద్దం మీద గది అంతా తలకిందులుగా వెలుగుతోంది. రుక్మాబాయి కుర్చీతో సహా పైన వేలాడుతోంది. ఆమె వెనుక చిలుకలు కళ్ళు పెట్టుకుని మరీ చూస్తున్నాయి.

"నువ్వెందుకొచ్చినవ్?" సాంబయ్య గుసగుసగా కసిరాడు. "బయటికి పో. దొర ఏమనుకుంటడు?"

"దొరసాని కనవడ్తున్నదా?"

"కనవడ్తున్నది."

"అద్దాలు పెట్టుకొని ఉన్నదా, తీసిందా?"

అతను ఆగాడు. "పెట్టుకున్నది."

"తీసి ఒళ్లె పెట్టుకున్నది."

సాంబయ్య చెయ్యి మర మీద బిగుసుకుంది. సత్తమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. అతను వదల్లేదు, ఆమె కూడా వదల్లేదు. ఒక జానెడు చీకట్లో మొగుడూ పెళ్ళామూ బయటికి వినబడకుండా కొట్లాడుకోవడం ఎంత కష్టమో కొట్లాడుకున్న వాళ్ళకే తెలుస్తుంది.

"చెయ్యి తియ్యి," అంది.

"ఇది నా పని."

"నీ పనే. నీ పని చిలుకల కాడ నిలవడ్డది. ఇంకొకసారి నిలవడ్తె ఆ ముసలామె మళ్ల కదిలిందంటవా?"

బయట జలపతిరావు దగ్గాడు.

"కనవడ్తలేదే," అన్నాడు సాంబయ్య.

ఎంత మెల్లగా అన్నాడంటే, పక్కనే ఉన్న ఆమెకు కూడా ఆ మాట ఊపిరిలాగే వినిపించింది.

"మంచు వట్టినట్టుంటది. వెలుతురు తెలుస్తది. ఎవలు ఏడున్నరో తెలుస్తది. కండ్లు, ముక్కు ఏం తెలుస్తలేవు. దీపం సూస్తె సుట్టు రంగులు తిరుగుతయి. ఎవలకన్న జెప్తె దుకాణం బంద్ అయితదని..."

"ఎప్పటిసంది?"



"గోడ మీద నీ ఫోటువ ఉన్నది సూడు."

"ఉన్నది."

"గది సంది."

సత్తమ్మకు ముందు కోపమే వచ్చింది. ఊరంతా చూసిన ఫోటో. ఎవరూ లేనప్పుడు తను మురిసి చూసుకున్న ఫోటో. "మెత్తగ తీసిన అన్నవ్ గదా! అందరికి జెప్పుకుంట తిరిగినవ్ గదా!"

"ఏమనాలె మరి?" అన్నాడు సాంబయ్య. "పండుగ పూట పూలు వెట్టుకొని వచ్చి కూసున్నవ్. నీ మొఖం నాకు కనవడలే అనాలెనా?"

ఆ తర్వాత ఆమెకు కోపం నిలవలేదు. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. నీళ్ళు నిండిన కళ్ళకు అద్దం మీది బొమ్మ మసకైంది. ఇతనికి రోజూ ఇలాగే ఉంటుందా, అనుకుంది. కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

మర మీద అతని చెయ్యి వదులైంది.

సత్తమ్మ తిప్పింది. చిలుకలు చెదిరాయి. జామకాయ కరిగింది. కుర్చీ చెయ్యి మీది చెక్కడం పైకి తేలింది, తులసి పూసలు విడివిడిగా వచ్చాయి. ఇంకొంచెం తిప్పితే మళ్ళీ అంతా పోయింది. వెనక్కి తెచ్చింది.

"కండ్లల్ల సూడు," అన్నాడు సాంబయ్య ఆమె చెవి దగ్గర. కొత్తలో ఆమెకు సరదాకు చెప్పిన మాటే. "మా ఉస్తాద్ జెప్పేటోడు. కిటికీ వెలుతురు కంటి గుడ్డు మీద తెల్లగ మెరుస్తది. గా చుక్క సూదిమొనంత అయ్యేదాంక తిప్పు. చుక్క కుదిరితే మొఖం కుదిరినట్టే."

చుక్క అటుకు గింజంత ఉంది. తర్వాత నువ్వు గింజంత అయింది. తలకిందుల మొహంలో, ముడతల మధ్య, రెండు కళ్ళలోనూ రెండు సూదిమొనలు మెరిశాయి.

"కుదిరింది," అంది సత్తమ్మ.

"ఉన్నదా చుక్క?"

"ఉన్నది. ముసలామె రెప్ప కొడ్తలేదు."

సాంబయ్య గుడ్డ ఎత్తి బయటికి వెళ్ళిపోయాడు. ప్లేటు కోసం వెళ్ళాడనుకుంది సత్తమ్మ. ఆమె ఇంకా గుడ్డ లోపలే ఉండగా అతని గొంతు వినబడింది. పెద్దగానే అన్నాడు, సందులోకి కూడా వినబడేటట్టు.

"దొరసానమ్మ ఆనాడు కదల్లే. నాకే కండ్లు కనవడ్తలేవు. నేను అబద్ధం ఆడిన."

బుచ్చవ్వ దుప్పటి పక్క నుంచి తొంగి చూసింది. "అయ్యో కొడుకా!" అంది.

"కండ్లు లేనోడు ఫోటువలు తీస్తుండా?" జలపతిరావు మొహం ఎర్రబడింది. "మా అమ్మ మీద మాట పెట్టి, మళ్ల కూసోవెట్టి, ఇంతసేపు తమాషా చేస్తున్నవా? ఎంత ధైర్యంరా నీకు! లే అమ్మా. పోదాం."

కోపంతో గదిలో అటూ ఇటూ తిరిగి కిటికీ ముందుకు పోయి నిలబడ్డాడు.

రుక్మాబాయి లేవలేదు. ముందుకు చూస్తూనే అడిగింది. "మరి ఇప్పుడు అండ్ల సూసింది ఎవలు?"

అందరి చూపులూ నల్లగుడ్డ వైపు తిరిగాయి. సత్తమ్మ తల బయట పెట్టింది. కొప్పు ఊడింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను, దొరసానమ్మా."

"కనవడ్డన్నా?"

"మంచిగ కనవడ్డరు. ఆ ఈగ వాలిన దినం గూడ కనవడ్డరు. ఇందాక అబద్ధం జెప్పిన. మీరు రెప్ప గూడ కొట్టలే."

ముసలామె పెదవి చివర ఏదో కదిలీ కదలనట్టు కదిలింది. "అయితే తియ్యి."

"అమ్మా!" అన్నాడు జలపతిరావు. "ఆడమనిషి తీస్తదా ఫోటువ? ఊర్ల నవ్వుతరు."

సత్తమ్మ ఆ మాటకు జవాబు వెతకలేదు. రోజూ చూసిన పనే, చేతులకు తెలుసు. లెన్సుకు మూత బిగించింది. గరుకుటద్దం తప్పించి ప్లేటు పెట్టె దోపింది, దాని పలక పైకి లాగింది. కెమెరా పక్కకు వచ్చి, తీస్తే ఫోటో పడే ఆ మూత మీద చెయ్యి వేసింది. ఇది చెడితే ఇక ఈ గదిలో ఎవరూ వచ్చి కూర్చోరు. అత్త చిలుకలూ, మొగుడి పేరూ, ముసలామె మొహమూ అన్నీ ఈ మూత కిందే ఉన్నాయి.

మూలన గోడకు ఆనుకుని నిలబడ్డ సాంబయ్య తల ఎత్తాడు.

"వెలుతురు ఏమాయె, సత్తమ్మా?" అన్నాడు. "తగ్గింది."

ఎవరికీ తెలియలేదు, అతనికి తెలిసింది. సత్తమ్మ రుక్మాబాయి కళ్ళలోకి చూసింది. నిజమే. చుక్క లేదు. ఎడమ చెంప నీడలో మునిగిపోయింది. మబ్బు కాదు. కిటికీ నిండా జలపతిరావు నిలబడి ఉన్నాడు.

ఆయన నీడ పడితే జనమే పక్కకు జరిగే వాళ్ళు. ఆయనను జరగమన్న వాళ్ళు ఆ ఊళ్ళో ఇంతవరకు లేరు. సత్తమ్మ అత్త వైపు చూసింది. బుచ్చవ్వ దుప్పటి చాటున కళ్ళు మూసుకుంది.

"దొరా," అంది సత్తమ్మ. "మీరు వెలుతురుకు అడ్డమున్నరు. జర పక్కకు జరుగుండ్రి."

ఆ మాట తననే అన్నదని అర్థం కావడానికి జలపతిరావుకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన చేతులు నడుము మీదికి పోయాయి. అక్కడే నిలబడ్డాడు.

రుక్మాబాయి కొడుకు వైపు తిరగలేదు. మెడ అలాగే ఉంచి, పెదవులు మాత్రం ఆడించింది.

"ఇనవడ్తలేదా జలపతీ? నేను కదలొద్దు. కదలాల్సింది నువ్వు."

సత్తమ్మ మూత మీద చెయ్యి అలాగే ఉంచి, ముసలామె కళ్ళలో చుక్క కోసం చూస్తూ నిలబడింది.